ఫొటోలు తీశాం కదా, ఇక ఆకులెందుకు?

"వర్చువల్ మ్యూజియం" (తెర మీద చూసే మ్యూజియం) మీద ఈసారి చాలా ఉత్తరాలొచ్చాయి. అటక మీది తాళపత్రాల దగ్గర్నుంచి లండన్‌లో ఉన్న అమరావతి శిల్పాల దాకా అడిగారు. ఉద్యోగమంతా ఒక మ్యూజియంలో వస్తువులకి నంబర్లు వేసి రిజిస్టర్లు రాసినదాన్ని. నా జవాబులకి కాస్త రిజిస్టర్ వాసన ఉంటుంది, సర్దుకోండి.

ప్రశ్న: అమ్మా, నమస్కారం. మా మామగారి తాతగారి నాటి తాళపత్ర కట్టలు నాలుగు మా అటక మీద ఉన్నాయి. వేసవి సెలవుల్లో మనవరాలు అన్నిటినీ ఫోనుతో ఫొటోలు తీసి గూగుల్ డ్రైవ్‌లో పెట్టింది. "ఇక భద్రమే కదా అత్తయ్యా, కట్టల్ని కృష్ణలో కలిపేద్దాం, వాటికి పట్టిన పురుగు మిగతా సామాన్లకీ పడుతుంది" అంటోంది మా కోడలు. అమెరికాలో ఉన్న పెద్దబ్బాయేమో ఒక కట్ట గుర్తుగా పట్టుకెళ్తానంటున్నాడు. ఏం చెయ్యమంటారు?
— విశ్రాంత ఉపాధ్యాయురాలు, తెనాలి

జవాబు: ముందు కట్టల్ని అటక మీంచి దించండి. కృష్ణ సంగతి తర్వాత.

మీ కోడలు కొత్తగా కనిపెట్టిందేం కాదు. శిథిలమైన ప్రతిని కొత్త ఆకుల మీదికి ఎత్తి రాసుకుని పాతదాన్ని నదిలో విడవడం మనవాళ్లు చేసిన పనే. కాకపోతే ఎత్తి రాసినాయన ప్రతి అక్షరం కళ్లతో చూడక తప్పేది కాదు. మీ మనవరాలి ఫొటోల్ని ఇప్పటిదాకా ఎవరైనా వరసగా చూశారా? ఒక సాయంత్రం ఆ పిల్లని పక్కన కూర్చోబెట్టుకుని పెద్ద స్క్రీన్ మీద చూడండి. ఆకుకి రెండు వైపులా తీసిందా? అంచున ఉండే ఆకు సంఖ్య ఫొటోలో పడిందా? తాడు దూర్చే రంధ్రం దగ్గర వేలు అడ్డొచ్చిందా?

ఇళ్లలో తీసిన ఫొటోల్లో ఎక్కువగా తప్పిపోయేది చివరి ఆకు. గ్రంథం అంతకుముందే అయిపోయి ఉంటుంది, ఆ ఆకు మీద నాలుగు ముక్కలే ఉంటాయి. అందుకని వదిలేస్తారు. మా బోటి వాళ్లం ముందు వెతుక్కునేది ఆ నాలుగు ముక్కలనే. ఎవరు రాశారు, ఎవరి కోసం, ఏ ఊళ్లో, ఏ సంవత్సరం, ఏ మాసం, ఏ తిథి, ఏ వారం. "కరకృతమపరాధం క్షంతుమర్హంతి సంతః" అని చేతి పొరపాట్లకి ముందే మన్నింపు అడిగేసి మరీ పేరు రాసుకుంటారు లేఖకులు. సంవత్సరం మాత్రం ప్రభవ, విభవల్లో ఉంటుంది. అరవై ఏళ్లకోసారి అదే పేరు తిరిగొస్తుంది కాబట్టి, తిథినీ వారాన్నీ కలిపి లెక్క వేస్తేగాని అది ఏ ప్రమాది, ఎప్పటి ప్రమాది అన్నది తేలదు. ఫొటోలో సరిగ్గా ఆ వారం పేరు మీదే ఫ్లాష్ వెలుగు పడి ఉండి, ఆకేమో కృష్ణలో కలిసిపోయి ఉంటే, ఇక ఎవర్ని అడుగుతాం?

కాబట్టి మళ్లీ తీయించండి, ఫ్లాష్ లేకుండా. కిటికీ పక్కన బల్ల మీద, వెలుతురు ఒక పక్క నుంచి ఏటవాలుగా పడేలా పెట్టండి. గంటంతో గీసిన గీతల్లోంచి మసి రాలిపోయి అక్షరం మాయమైనట్టున్నా, ఏటవాలు వెలుతురులో ఆ గాడి నీడ తేలి చదవడానికి వస్తుంది. పక్కన చిన్న స్కేలు పెట్టండి. ఫోను ఇచ్చిన ఫైలు పేరు తీసేసి "కట్ట1_ఆకు012_ముందు", "కట్ట1_ఆకు012_వెనక" అని మార్చండి. విసుగు పుట్టే పనే, మనవరాలికి ఏదైనా ఆశ పెట్టండి.

యూట్యూబ్‌లో చూసి ఆకులకి నూనె పూయకండి. నిమ్మగడ్డి నూనె వాడతారన్నది నిజమే. ఆకుకి మెత్తదనం వస్తుంది, పురుగు దూరంగా ఉంటుంది. కానీ ఎంత, ఎలా, ఏ స్థితిలో ఉన్న ఆకుకి అన్నది ఆ పని తెలిసినవాళ్లు చూసి చెప్పాలి. అతుక్కుపోయిన ఆకుల్ని గోటితో విడదీయకండి. రబ్బరు బ్యాండ్లు ఉంటే తీసి పారేయండి. ఆకుల కన్నా కాస్త పెద్దవిగా పైనా కిందా రెండు చెక్క పలకలు, చుట్టూ గంజి పెట్టని ఉతికిన నూలు గుడ్డ చాలు. అంతకీ ఇంట్లో ఉంచుకోలేమనుకుంటే హైదరాబాద్‌లో ఉస్మానియా ఆవరణలో ఉన్న ప్రాచ్య లిఖిత గ్రంథాలయాన్నో, తిరుపతి ఎస్వీ యూనివర్సిటీ ప్రాచ్య పరిశోధన సంస్థనో అడగండి. కేంద్ర ప్రభుత్వం 2025 బడ్జెట్‌లో ప్రకటించిన జ్ఞాన భారతం మిషన్ కోటికి పైగా రాతప్రతుల్ని లెక్కలోకి తెస్తామంది. అందులో ఇళ్లలో ఉన్నవీ వస్తాయి. ఎవరికిచ్చినా ఆకుల సంఖ్య వేసిన రసీదు తీసుకోండి.

ఇక అబ్బాయి సంగతి. 75 ఏళ్లు దాటిన, విలువైన రాతప్రతి 1972 నాటి పురావస్తువుల చట్టం కిందికి వస్తుంది. అనుమతి లేకుండా దేశం దాటిస్తే నేరం. ఆకులు ఇక్కడ ఉంచి, మనవరాలి ఫొటోల్ని ఒక హార్డ్ డిస్కులో పోసి ఇవ్వండి. అతనికి గుర్తూ ఉంటుంది, మీకు సముద్రం అవతల ఇంకో ప్రతీ ఉంటుంది. రెండేళ్లపాటు ఎవరూ తెరవని ఖాతాల్ని తొలగిస్తామని గూగుల్ 2023లోనే చెప్పింది. మనవరాలు చదువుల హడావిడిలో పడి ఆ ఖాతా మర్చిపోతే డ్రైవ్‌లో ఉన్నవి కూడా కృష్ణలో కలిసినట్టే.

ప్రశ్న: మేడమ్, మేం ఇంజనీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్నాం. చుట్టుపక్కల ఊళ్లలో పొలం గట్ల మీద, గుళ్ల వెనకాల పడి ఉన్న వీరగల్లుల్ని (చనిపోయిన వీరుల గుర్తుగా నిలిపిన రాళ్లు), విగ్రహాల్ని ఫొటోగ్రామెట్రీతో, అంటే చుట్టూ తీసిన ఫొటోల్ని కలిపి, త్రీడీ చేస్తున్నాం. హెడ్‌సెట్ పెట్టుకుని లోపల నడిచే వర్చువల్ మ్యూజియం కట్టాలని ఉంది. ఏ ప్లాట్‌ఫామ్ మంచిది?
— విద్యార్థి, నరసరావుపేట

జవాబు: నాయనా, ఏదైనా తీసుకోండి. పదేళ్ల తర్వాత అది ఉండదనే లెక్కతో మొదలుపెట్టండి. ఒకప్పుడు దేశదేశాల మ్యూజియాలు ఫ్లాష్ అనే సాఫ్ట్‌వేర్‌లో వర్చువల్ టూర్లు చేయించుకున్నాయి. నొక్కితే తలుపు తెరుచుకునేది, ఇంకోచోట నొక్కితే వాయిద్యం మోగేది. 2020 డిసెంబర్ 31తో దాని కంపెనీ అడోబీ సపోర్టు ఆపేసింది. మర్నెల 12 నుంచి ఫ్లాష్ ప్లేయర్ దేన్నీ ఆడనివ్వలేదు. అసలు ఫొటోలూ వివరాలూ విడిగా దాచుకున్నవాళ్లకి మళ్లీ కట్టుకునే వీలుంది. టూరే తప్ప ఇంకేం దాచుకోని వాళ్లకి అదీ లేదు.

మీరు దాచాల్సింది హెడ్‌సెట్‌లో కనిపించే హాలుని కాదు. రాయి చుట్టూ తిరుగుతూ తీసిన అసలు ఫొటోలన్నిటినీ దాచండి. రేపు ఇంతకన్నా మంచి సాఫ్ట్‌వేర్ వస్తే అవే ఫొటోలతో ఇంకా మంచి మోడల్ వస్తుంది. మబ్బు పట్టిన రోజు తీయండి, ఎండలో తీస్తే నీడలు రాయికి అంటుకుపోతాయి. ఒక ఫొటోలో ఉన్నదాంట్లో సగానికి మించి తర్వాతి దాంట్లోనూ పడాలి. పక్కన స్కేలు లేకపోతే మీ వీరుడు జానెడున్నాడో నిలువెత్తున్నాడో కంప్యూటర్‌కి తెలీదు. తయారైన మోడల్‌ని ఓబీజే, పీఎల్‌వై, జీఎల్‌టీఎఫ్ లాంటి, ఒక్క కంపెనీ గుప్పిట్లో లేని ఫార్మాట్లలో పెట్టండి.

ఆ తర్వాత, దయచేసి, రాయండి. ఇంజనీరింగ్ పిల్లలు త్రీడీ మోడల్ అద్భుతంగా చేసి కింద "వీరగల్లు, పల్నాడు" అని వదిలేస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఏ ఊరు, ఊళ్లో ఎక్కడ, ఎటు తిరిగి ఉంది, ఊరివాళ్లు దాన్ని ఏమని పిలుస్తారు, ఇప్పటికీ పసుపు రాస్తున్నారా, ఎవరు రాస్తారు, అంతకుముందు వేరేచోట ఉండేదా, ఈ మాటలు మీకు ఎవరు చెప్పారు, ఏ తేదీన చెప్పారు. రాయి ఇంకో వందేళ్లుంటుంది. ఈ సంగతి తెలిసిన ముసలాయన ఉండడు.

ఈ పిచ్చి రాతలెందుకంటారా? ప్రకాశం జిల్లా చందవరంలో గుండ్లకమ్మ ఒడ్డున బౌద్ధ స్తూపం ఉంది. అక్కడి సైట్ మ్యూజియంలోంచి చోరీ అయిన ఒక శిల్పఫలకం చేతులు మారి మారి ఆస్ట్రేలియా నేషనల్ గ్యాలరీకి చేరింది. 2005లో దాన్ని కొన్న గ్యాలరీ 2016లో తిరిగి మన దేశానికి అప్పగించింది. అది చందవరానిదే అని నిలబెట్టింది చోరీకి ముందు అక్కడే తీసిన ఫొటో. తమిళనాడు శ్రీపురందన్ నటరాజు కూడా 2014లో అదే గ్యాలరీ నుంచి వచ్చాడు. ఆ కేసులో పుదుచ్చేరిలోని ఫ్రెంచ్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు ఎప్పుడో తీసి దాచిన గుడి ఫొటోలు పనికొచ్చాయి. అవేమీ కళ్లు చెదిరే బొమ్మలు కావు. ఏ గుడి, ఎప్పుడు తీశారు అన్నది తెలిసిన ఫొటోలు, అంతే.

అలాగని కాపలా లేని విగ్రహం ఎక్కడుందో జీపీఎస్ అంకెలతో సహా ఇంటర్నెట్‌లో పెట్టకండి, దొంగకి దారి చూపినవాళ్లవుతారు. పైకి మండలం పేరు చాలు, పూర్తి వివరం మీ దగ్గరి ఫైల్లో ఉండాలి. గుడి ఆవరణలో ఉన్నవాటికి పూజారినీ, ఊరి పెద్దలనీ అడిగే తీయండి. రక్షిత కట్టడమైతే పురావస్తు శాఖ అనుమతి సంగతి ముందే కనుక్కోండి.

ఇంకో మాట. మూడో సంవత్సరం అంటున్నారు. రెండేళ్లలో మీలో ఒకరు ఎమ్మెస్‌కి వెళ్తారు, ఒకరికి బెంగళూరులో ఉద్యోగం వస్తుంది, ఇంకొకరికి పెళ్లవుతుంది. డొమైన్ రెన్యువల్ మెయిల్ ఎవరికొస్తుంది? ఇప్పుడే ఒక పూర్తి ప్రతి మీ కాలేజీ లైబ్రరీకివ్వండి, ఇంకోటి ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే ఉచిత సైటులో పెట్టండి. మన పాత తెలుగు పుస్తకాల్ని వేలకొద్దీ స్కాన్ చేసిన డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా సైటు మూతపడ్డాక కూడా మనం ఆ పుస్తకాలు చదువుకుంటున్నామంటే, వేరేచోట వాటి ప్రతి ఉండబట్టే. పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో ఎవరి చిత్తం వచ్చినట్టు వాళ్లు కొట్టడం వల్ల ఒక్కో పుస్తకాన్ని నాలుగైదు స్పెల్లింగులతో వెతకాల్సి వస్తుంది, అది వేరే గోల. మీరు పేర్లు తెలుగు లిపిలో కూడా రాయండి.

ప్రశ్న: ఈ సర్వర్లన్నిటికీ కరెంటు కావాలి కదా? సంస్కృతిని కాపాడబోయి పర్యావరణాన్ని పాడుచేయడం లేదా?
— విశాఖపట్నం పాఠకుడు

జవాబు: కావాలి. అందుకే ఒకే విగ్రహానికి మసకగా వచ్చిన నలభై ఫొటోలు దాచకుండా చెత్తని చెరిపేయండి. అందరూ రోజూ చూసేదానికి చిన్న సైజు బొమ్మ చాలు. పెద్ద ఫైళ్లు హార్డ్ డిస్కులో ప్లగ్ పీకేసి బీరువాలో ఉండొచ్చు, ఏడాదికోసారి తెరిచి చూస్తే సరి. అసలు వస్తువుని సరిగా చూసుకుంటే ఇన్ని ఫైళ్ల అవసరమూ తగ్గుతుంది.

ప్రశ్న: దసరా సెలవుల్లో పిల్లల్ని నాగార్జునకొండ తీసుకెళ్లాను. టికెట్లు, లాంచీ కోసం ఎదురుచూపులు, ఎండ. తీరా వెళ్లాక "ఇవన్నీ ఫోన్లో ఉన్నాయి నాన్నా" అన్నాడు మా వాడు. నిజంగానే కేంద్ర ప్రభుత్వపు మ్యూజియమ్స్ ఆఫ్ ఇండియా పోర్టల్లో ఉన్నాయి. మరి అంత దూరం ఎందుకు వెళ్లినట్టు?
— ప్రైవేటు ఉద్యోగి, హైదరాబాద్

జవాబు: మీవాడు అన్నదాంట్లో తప్పులేదు. ఆ పోర్టల్లో మొదట చేరిన పది మ్యూజియాల్లో మన సాలార్‌జంగ్‌తో పాటు నాగార్జునకొండ కూడా ఉంది. కేంద్ర ప్రభుత్వ కంప్యూటర్ పరిశోధన సంస్థ సీ-డాక్ పుణె వాళ్లు చేసిన "జతన్" అనే సాఫ్ట్‌వేర్‌తో ఆ వివరాలు ఎక్కించారు. అయితే మీవాడికి ఒక సంగతి చెప్పండి. వాడు లాంచీలో వెళ్లింది ఒక ఊరి మీదుగా.

నీళ్ల కింద ఉన్నది ఇక్ష్వాకుల రాజధాని విజయపురి. మూడో శతాబ్దంలో, నాలుగో శతాబ్దం మొదట్లో ఆ లోయలో స్తూపాలు, విహారాలు, కోనేళ్లు, గుళ్లు, మెట్ల వరసలున్న పెద్ద రంగస్థలం, అశ్వమేధం చేసిన చోటు అన్నీ ఉండేవి. అక్కడి పెద్ద స్తూపం మహాచైత్యానికి దానం ఇచ్చిన రాచకుటుంబపు ఆడవాళ్ల పేర్లు స్తంభాల మీద ఇప్పటికీ చదవొచ్చు. చాంతిసిరి అందులో ముఖ్యురాలు. 1926లో ఆ శిథిలాలు బయటి లోకానికి తెలిశాయి, తర్వాత పురావస్తు శాఖ అధికారి లాంగ్‌హర్స్ట్ కొంత తవ్వాడు. ఇంతలో నాగార్జునసాగర్ డ్యామ్ ఖాయమైంది. 1955 డిసెంబర్ 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు. లోయ మునగడం తప్పదని అప్పటికే తేలిపోయింది. అందుకే శంకుస్థాపనకి ముందే మొదలుపెట్టి, పురావస్తు శాఖకి చెందిన ఆర్. సుబ్రహ్మణ్యం గారి ఆధ్వర్యంలో 1954 నుంచి 1960 దాకా, నీళ్లు తరుముకొస్తున్నాయన్న తొందరలో మొత్తం లోయని తవ్వారు. పాతరాతియుగం పనిముట్ల దగ్గర్నుంచి మధ్యయుగం దాకా దొరికింది. కొన్ని కట్టడాల్ని విప్పి రాయి రాయికీ గుర్తు పెట్టి, కొండ మీదా ఒడ్డున అనుపులోనూ మళ్లీ కట్టారు. కొన్నిటికి నమూనాలు చేశారు. 1966లో కొండ మీద మ్యూజియం తెరిచారు. మరుసటేడు డ్యామ్ పూర్తయింది.

ఇప్పుడు ఆ లోయని ఎవరూ మళ్లీ తవ్వలేరు. ఏ రాయి ఏ గుంటలో, ఏ పొరలో, దేని పక్కన దొరికిందో చెప్పేవి అప్పటివాళ్లు గీసుకున్న ప్లానులు, తీసుకున్న ఫొటోలు, రాసుకున్న నోట్లు మాత్రమే. వర్చువల్ అనే మాట మనకి తెలియని రోజుల్లో కాగితం మీద కట్టిన వర్చువల్ మ్యూజియం అది. దాని నివేదిక మొదటి సంపుటం 1975లో వచ్చింది. చరిత్రకాలపు కట్టడాల గురించి చెప్పే రెండో సంపుటం 2006లో. తవ్వకం ఆగిన 46 ఏళ్లకి! తవ్వడం ఆరేళ్ల పని, తవ్విందాన్ని పద్ధతిగా రాసి జనానికి అందించడం అరవై ఏళ్ల పని అని మా ఆఫీసుల్లో ఎవరైనా నవ్వుతూ అంటే నాకు నవ్వొచ్చేది కాదు. ఇవాళ స్కానర్లు కొనడానికి దొరికే డబ్బు, ఆ స్కానుల పక్కన కూర్చుని వివరాలు రాసే మనిషి జీతానికి దొరకదు.

పోర్టల్లో ఒక్కో శిల్పం విడివిడిగా, నల్లటి వెనక తెర ముందు బాగానే కనిపిస్తుంది. మ్యూజియంలో మునిగిపోయిన లోయ మొత్తానికి చేసిన నమూనా ఉంది. వచ్చినవాళ్లు సగం మంది దాన్ని దాటి వెళ్లిపోతారు. ఈసారి మీవాడిని దాని ముందు నిలబెట్టి, రంగస్థలం ఎక్కడుందో వెతకమనండి. తర్వాత అనుపు తీసుకెళ్లి, తిరిగి కట్టిన దాని మెట్ల మీద కూర్చోబెట్టండి. ఫోను అప్పుడు తీయమనండి. పోర్టల్లో వాడికి నచ్చిన శిల్పం లోయలో ఎక్కడ దొరికిందో వెతకమనండి. అన్నిటికీ జవాబు దొరకదు. అడిగేవాళ్లుంటేనే రాసేవాళ్లకీ పని పడుతుంది.

ప్రశ్న: ఇండియా వస్తూ దారిలో లండన్‌లో ఆగి బ్రిటిష్ మ్యూజియంలో అమరావతి శిల్పాలు చూశాం. మా అమ్మాయి "మన రాళ్లు ఇక్కడెందుకున్నాయి" అని ఏడుపు మొహం పెట్టింది. అన్నిటినీ త్రీడీలో కలిపి స్తూపాన్ని కంప్యూటర్లో నిలబెట్టేస్తే ఈ గొడవ తీరుతుందా అండీ?
— న్యూజెర్సీ పాఠకురాలు

జవాబు: గొడవ తీరదు, స్తూపం మాత్రం కొంత అర్థమవుతుంది. అది తక్కువేం కాదు.

పాపకి మొదట్నుంచీ చెప్పండి, ఒక్క తెల్లవాళ్ల మీదే పెట్టకుండా. 18వ శతాబ్దం చివర్లో జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు అమరావతిలో పట్నం కట్టిస్తుంటే, స్తూపం పూడిపోయి ఉన్న "దీపాలదిన్నె" అనే దిబ్బలోంచి రాళ్లు తీసి వాడుకున్నారు. ఆ కబురు విని ఈస్టిండియా కంపెనీ సర్వేయరు కాలిన్ మెకంజీ వచ్చాడు. 1816లో మళ్లీ వచ్చి, తన మనుషులతో పలకల బొమ్మలు గీయించాడు. 1845లో కంపెనీ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వి తీసినవి మద్రాసు చేరి, అక్కడ్నుంచి 1859లో లండన్ ఓడెక్కాయి. తర్వాతి తవ్వకాల్లో దొరికినవి చాలావరకు చెన్నై మ్యూజియంలో ఉన్నాయి. కొన్ని అమరావతిలోనే ఉన్నాయి.

మెకంజీ గీయించిన పలకల్లో ఇప్పుడు ఎక్కడా కనిపించనివి ఉన్నాయి. రాయి పోయింది, కాగితం మిగిలింది. ఆ బొమ్మల్ని, లండన్ పలకల్ని, చెన్నై పలకల్ని కంప్యూటర్లో పక్కపక్కన పెడితే ఏది దేని పక్కదో పరిశోధకులు పోల్చుకోగలరు. స్తూపం ఎలా ఉండేదో చెప్పడానికి శిల్పులే మనకి సాయం చేశారు. కొన్ని పలకల మీద స్తూపం బొమ్మనే చెక్కారు, లండన్‌లో మీరు చూసినవాటిలో అలాంటిది ఉంది.

నాకు నచ్చనిదేమిటంటే, "త్రీడీ ఇచ్చేశాం కదా" అని రాళ్ల మాట ఎత్తకుండా చేయడం. స్కాను ఇవ్వడం వేరు, రాయి ఎక్కడుండాలన్న వాదం వేరు. రెండోదానికి మొదటిది జవాబు కాదు. ఈసారి ఇండియా వచ్చినప్పుడు పాపకి అమరావతి దిబ్బనీ చూపించండి.

ప్రశ్న: మా తాతల నాడు మా పద్మశాలి వాడకట్టులో కూనపులి వాళ్లు వచ్చి పటం విప్పి మార్కండేయ పురాణం చెప్పేవాళ్లు. ఇప్పుడు చెప్పేవాళ్లు చాలా తక్కువ. చేర్యాల నకాశీ పటాల ఫొటోలు ఆన్‌లైన్‌లో బోలెడున్నాయి, కథ మాత్రం లేదు. మా దగ్గర ఉన్న ఒక పెద్దాయన్ని వీడియో తీద్దామనుకుంటున్నాం. ఎట్ల చేయమంటారు?
— నేత కుటుంబం నుంచి ఒక పాఠకుడు, జనగామ

జవాబు: తొందరగా చేయండి. పటం పై నుంచి కిందికి ఒక్కో బొమ్మ విప్పుతూ చెప్పే కథకి తోడుగా గీసింది. గోడకి బిగించి ఫొటో తీస్తే సగమే వచ్చినట్టు. కెమెరాలు రెండు పెట్టండి, ఒకటి పటం మీదికి, ఒకటి ఆయన మొహం చేతుల మీదికి. మైకు ఆయనకి దగ్గరగా ఉండాలి, బొమ్మ కన్నా మాట ముఖ్యం. హాల్లో స్టూలు మీద ఒక్కడినే కూర్చోబెట్టి చెప్పమనకండి. వాడకట్టులో పదిమంది వినేవాళ్లు ఉండగా చెప్పించండి, ఊకొట్టేవాళ్లు లేకపోతే కథ పొట్టిదైపోతుంది. కథయ్యాక ఇంకో రోజు కూర్చుని, ఏ బొమ్మ ఎవరిదో, ఎవరి దగ్గర నేర్చుకున్నారో, ఏ ఊళ్లకి వెళ్లే హక్కు వాళ్ల ఇంటికి ఉండేదో అడిగి రికార్డు చేయండి.

ఒక్కచోటే దాచకండి. 2018 సెప్టెంబర్ 2న బ్రెజిల్ నేషనల్ మ్యూజియం తగలబడినప్పుడు, ఇప్పుడు మాట్లాడేవాళ్లే లేని ఆదివాసీ భాషల రికార్డింగులు కూడా బూడిదయ్యాయి. హాళ్లు ఎలా ఉండేవో గూగుల్ ముందే తీసిన చిత్రాల్లో చూడగలుగుతున్నాం, ఆ గొంతులు మాత్రం లేవు. మీ దగ్గర ఒకటి, ఇంకో ఊళ్లో చుట్టాల దగ్గర ఒకటి, ఏదైనా యూనివర్సిటీ జానపద విభాగంలో ఒకటి ఉంచండి.

డబ్బు సంగతి ముందే మాట్లాడండి. ఆయనకి ఇది పూట గడిచే విద్య. కథ మొత్తం యూట్యూబ్‌లో పెట్టేస్తే రేపు పిలిచేవాళ్లు ఉండరని భయపడితే ఆ భయం సరైనదే. మన కాపీరైట్ చట్టంలో ప్రదర్శన చేసినవారికి యాభై ఏళ్ల హక్కుంది. ఎంత భాగం అందరికీ చూపొచ్చు, ఎంత భాగం దాచి ఉంచాలి, ఎవరైనా సినిమాకో సీరియల్‌కో వాడుకుంటే ఆయనకేం రావాలి అన్నది తెలుగులో ఒక కాగితం మీద రాసి, చదివి వినిపించి, ఆయన ఒప్పుకుంటేనే సంతకం తీసుకోండి. ఒక ప్రతి ఆయనకివ్వండి. రెండోదాన్ని స్కాన్ చేసి వీడియో ఉన్న ఫోల్డర్లోనే పెట్టండి.